ఒక్క ఏడాది ముందున్నవాళ్ళం సమ్మర్ స్కూల్‌కి మెంటర్లుగా వెళ్ళొచ్చా?

గోదావరిగట్టు:
నేను చెన్నైలో బీఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది చదువుతున్నాను, సొంతూరు రాజమండ్రి. పోయిన వేసవిలో బెంగళూరులో నాలుగు వారాల మ్యాథ్స్ సమ్మర్ స్కూల్‌కి వెళ్ళాను. ఈసారి స్టూడెంట్ మెంటర్‌గా రమ్మని మొన్న మెయిల్ వచ్చింది. పొద్దున క్లాసులు ప్రొఫెసర్లే చెప్తారు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పిల్లలు లెక్కలు చేసుకుంటుంటే మేము పక్కనుండాలి, వాళ్ళు రాసిన ప్రూఫులు దిద్దాలి, హాస్టల్లో వాళ్ళతోపాటే ఉండాలి. భోజనం, గది, స్లీపర్ టికెట్ ఇస్తారు. డబ్బులేమీ ఇవ్వరు.

నాకు వెళ్ళాలనే ఉంది. పోయినేడు మొదటి వారం రోజూ రాత్రి ఏడ్చాను. ఇంటర్ రెండేళ్ళూ ఫార్ములా, షార్ట్‌కట్, వీకెండ్ టెస్ట్ తప్ప ఇంకోటి ఎరగను. అక్కడికెళ్ళాక "మైనస్ ఒకటిని మైనస్ ఒకటితో గుణిస్తే ఒకటి ఎందుకొస్తుందో నిరూపించు" అంటే పెన్ను కదల్లేదు. అప్పుడు ఒక మెంటర్ అక్క వచ్చి పక్కన కూర్చుని, "దేన్నయినా సున్నాతో గుణిస్తే సున్నా వస్తుందని నమ్ముతున్నావు కదా, ముందు అదెందుకో రాయి" అని అంతే చెప్పి వెళ్ళిపోయింది. రాత్రి పదకొండున్నరకి వచ్చింది నాకు. ఆ ఒక్క ప్రూఫ్ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

మా క్లాసు అబ్బాయి మాత్రం "నీకే ఇంకా సగం తెలీదు, నువ్వు దిద్దితే వాళ్ళ గతేంటి" అన్నాడు. ఆ మాట మనసులోంచి పోవట్లేదు. ఇంట్లోనేమో ఇంటర్న్‌షిప్ చూసుకోమంటున్నారు. మీరేమంటారు?

యశవంతపూర్:
వెళ్ళు చెల్లీ. నేను రెండు వేసవులు మెంటర్‌గా చేశాను. సగం తెలియడం అనేది లోపం కాదు, నిన్ను పిలిచింది అందుకే. ప్రొఫెసర్‌గారికి ఆ లెక్క ముప్ఫై ఏళ్ళుగా తెలుసు, తెలియనప్పుడు ఎలా ఉంటుందో ఆయనకి గుర్తుండదు. నీకు పోయిన మే నెలే గుర్తుంది, ఎక్కడ కాలు జారుతుందో నీకు తెలుసు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఆర్నాల్డ్ రాస్ అనే గణిత ప్రొఫెసర్ 1957లో అమెరికాలో హైస్కూల్ పిల్లల కోసం మొదలుపెట్టిన వేసవి కార్యక్రమం ఇవాళ్టికీ నడుస్తోంది. నంబర్ థియరీతో, అంటే పూర్ణసంఖ్యల లెక్కలతో మొదలవుతుంది. అక్కడ కౌన్సెలర్లలో చాలామంది అంతకుముందు అక్కడే చదువుకున్నవాళ్ళే, పిల్లలతోపాటే ఉంటారు. లెక్కల కాగితంలో "నిరూపించు, లేదా తప్పని చూపించు, వీలైతే సరిచేసి నిలబెట్టు" అని ఉంటుంది. అలాంటి లెక్క మీద ఒక పిల్లాడు మూడు గంటలు కుస్తీ పడుతుంటే జవాబు చెప్పకుండా పక్కన కూర్చోవడానికి ఓపిక కావాలి. అన్నేసి గంటలు ఏ ప్రొఫెసర్ కూర్చోగలడు?

ఇంకొకటి. నా గ్రూపులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఉండేవాడు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఐదో రోజు నేను తెలుగులో "ఏరా, ఎక్కడ ఆగిపోయావ్?" అంటే నోట్‌బుక్ తెరిచాడు. ఇండక్షన్ ప్రూఫ్ (ఒకటికి నిజమని చూపి, ప్రతి సంఖ్య నుంచీ తర్వాతదానికి వెళ్ళే పద్ధతి) మొత్తం సరిగ్గా రాసి పెట్టుకున్నాడు, ఇంగ్లీషులో చదివి చెప్పాల్సొస్తుందని ఎవరికీ చూపించలేదంతే!

పెరంబూరు:
నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, ఇది నాకు జరిగిందే. ఏ క్యాంపో చెప్పను.

ప్రధాన సంఖ్యలకి అంతు లేదని యూక్లిడ్ చేసిన ప్రూఫ్ అందరికీ తెలుసు కదా. ఉన్న ప్రైములన్నీ ఇవేననుకుని, అన్నిటినీ గుణించి ఒకటి కలుపుతాం. వచ్చిన సంఖ్యని ఆ జాబితాలోని ఏ ప్రైమూ నిశ్శేషంగా భాగించదు, కాబట్టి జాబితాలో లేని ప్రైమ్ ఇంకోటి ఉండి తీరాలి. నేను మాత్రం "మొదటి కొన్ని ప్రైముల్ని గుణించి ఒకటి కలిపితే ఎప్పుడూ ప్రైమే వస్తుంది" అని రాశాను. మా మెంటర్, నాకన్నా ఒక్క ఏడాది సీనియర్, ఎర్ర పెన్నుతో టిక్ పెట్టి "బాగుంది" అని రాశాడు. నేనది ఏడాదిన్నర నమ్మాను. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో అదే చెప్తే ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ "13 దాకా చేసి చూడు" అన్నారు. బోర్డు మీద 2, 3, 5, 7, 11, 13 గుణించి ఒకటి కలిపాను. 30031. దాన్ని విడగొట్టమన్నారు. పదిహేను నిమిషాలు చెమటలు కక్కితే 59 ఇంటూ 509 అని తేలింది. సీటు రాలేదు.

ఆ అన్న చాలా మంచివాడు, నన్ను తమ్ముడిలా చూసుకున్నాడు. అందుకే ఇంకా ప్రమాదం. ప్రొఫెసర్ చెప్తే ఒకసారి పుస్తకం తిరగేసేవాణ్ణేమో. మనకి నచ్చినవాళ్ళు చెప్పింది మళ్ళీ సరిచూసుకోం. నాలుగు వారాలే ఉండే చోట, రోజుకి పన్నెండు నోట్‌బుక్కులు, రెండో ఏడాది పిల్ల చేతికివ్వడం తప్పు అంటాను. పక్కన కూర్చోనివ్వండి, ఎర్ర పెన్ను ఇవ్వకండి.

యశవంతపూర్:
నీకు జరిగింది అన్యాయమే తమ్ముడూ, కాదనను. కానీ ఆ అన్న మీద ఎవరూ లేకపోవడం అసలు తప్పు. మా దగ్గర రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి మెంటర్లందరం ఒక సార్‌తో కూర్చునేవాళ్ళం, అనుమానం ఉన్న ప్రతి కాగితమూ ముందు పెట్టాలి. "నాకు తెలీదు, రేపు చెప్తాను" అనడానికి సిగ్గుపడొద్దని మొదటి రోజే చెప్పారు. మొదటి వారంలో నేను ఆ మాట రోజుకి నాలుగైదుసార్లు అన్నాను.

పెరంబూరు:
అనుమానం వచ్చిన కాగితం తీసుకెళ్తారు సరే. ఆ టిక్ పెట్టేటప్పుడు మా అన్నకి అనుమానమే రాలేదు కదా?

ఆవడి_లోకల్:
మీరిద్దరూ చదువు గురించే మాట్లాడుతున్నారు, డబ్బు గురించి ఎవరూ అడగట్లేదు. నన్ను కూడా ఒకసారి పిలిచారు. వెళ్ళలేదు. వేసవి రెండు నెలలూ అశోక్‌నగర్‌లో, వడపళనిలో ఇళ్ళకెళ్ళి ట్యూషన్లు చెప్పి ఆ ఏడాది హాస్టల్ ఫీజు కట్టుకున్నాను. ట్యూషన్‌కి డబ్బులిస్తారు కానీ అంతకన్నా కష్టమైన ఈ పనికి భోజనం పెడితే చాలనుకుంటారు, ఎందుకని? "అనుభవం వస్తుంది" అంటారు. అనుభవంతో ఫీజు కట్టలేం.

దీనివల్ల నష్టపోయేది నేనొక్కడినే కాదు. డబ్బు లేకుండా నెల రోజులు గడపగలిగినవాళ్ళే మెంటర్లవుతారు. యశవంతపూర్ అక్క చెప్పిన శ్రీకాకుళం అబ్బాయి ఉన్నాడు చూశారా, తనలాంటివాడు మెంటర్‌గా తిరిగొస్తేనే అలాంటి ఇంకో పిల్లాడికి ధైర్యం. అతను ఆ వేసవికి ఎక్కడో ఇన్వాయిస్‌లు కొడుతూ ఉంటాడు. గోదావరిగట్టూ, నువ్వు వెళ్ళినా వెళ్ళకపోయినా స్టైపెండ్ సంగతి మాత్రం మెయిల్లో అడుగు. అడిగితే పోయేదేం లేదు.

నల్లబల్ల:
డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తానండీ, అందుకని కొంచెం ఆ వైపు నుంచి. మన దేశంలో దీనికి ఇంకో దారి కూడా ఉంది. 1993లో గణిత ప్రొఫెసర్ కుమరేశన్‌గారు మొదలుపెట్టిన ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) అనే వేసవి శిక్షణ గురించి అందరూ వినే ఉంటారు. అదీ నాలుగు వారాలే. పాఠం చెప్పేది పూర్తిగా అధ్యాపకులే, పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి ఆలోచింపజేస్తారు. ఒకసారి వచ్చినవాళ్ళు మరుసటి ఏడాది ఎంపికైతే పై స్థాయికి విద్యార్థులుగానే తిరిగొస్తారు. ఈ అమ్మాయికి నేనైతే అదే చెప్తాను. రెండో ఏడాదిలో ఇంకొకళ్ళ నోట్‌బుక్కు దిద్దడం కన్నా తన నోట్‌బుక్కు నిండడం ముఖ్యం. లేదంటే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు ఒక సైంటిస్టు దగ్గర పని, స్టైపెండ్ ఇస్తారు, రేపు పీహెచ్‌డీకి వెళ్ళాలంటే ఆ పరిచయం ఉపయోగపడుతుంది.

అయితే నాకు తెలిసిన ఒక విషయం దాచకూడదు. నేను ఎమ్మెస్సీలో, లిమిట్ అంటే ఏమిటో కచ్చితంగా చెప్పే ఎప్సిలాన్-డెల్టా నిర్వచనం పరీక్షలకి రాసి పాసయ్యాను. అందులో "ప్రతి", "ఒకటైనా" అనే రెండు మాటల వరుస మారితే అర్థమే మారిపోతుందని నిజంగా ఒంటబట్టింది మాత్రం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, అరవైమంది ఆ వరుసని అరవై రకాలుగా తప్పు రాస్తే దిద్దుతూ కూర్చున్నప్పుడే. ఆ పని ఇరవై ఏళ్ళకే దొరికి ఉంటే బాగుండేదని అనుకుంటాను.

గోదావరిగట్టు:
అందరికీ థాంక్స్. పెరంబూరు అన్నా, మీ పోస్టు చదివాక భయమేసి పోయినేటి మొదటి వారం లెక్కల కాగితం తీసి, పాత నోట్సు చూడకుండా మళ్ళీ చేశాను. పన్నెండింట్లో నాలుగోదీ తొమ్మిదోదీ రాలేదు. నాలుగోది పోయినేడు రూమ్మేట్ దగ్గర చూసి రాసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. రెండు రోజులు కూర్చుంటే నాలుగోది వచ్చింది. తొమ్మిదోది ఇంకా రాలేదు.

మెయిల్ పెట్టాను. మూడు అడిగాను. రోజూ మాతో కూర్చునే ప్రొఫెసర్ ఎవరైనా ఉంటారా? మేము దిద్దిన కాగితాల్లో, అనుమానం లేనివి కూడా, కొన్ని వాళ్ళు మళ్ళీ చూస్తారా? స్టైపెండ్ ఇస్తారా? ఇవాళ జవాబొచ్చింది. మొదటిదానికి ఉంటారని, మూడోదానికి కమిటీలో మాట్లాడతామని రాశారు. రెండోదాని గురించి ఏమీ రాయలేదు. నల్లబల్ల మేడమ్, ఫెలోషిప్ వచ్చే ఏడాదికి తప్పకుండా అప్లై చేస్తాను. ఈ వేసవికి మాత్రం మనసు బెంగళూరు మీదే ఉంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.

ఆవడి_లోకల్:
కమిటీ ఏమందో ఇక్కడ రాయి. వాళ్ళు ఇస్తామంటే వచ్చే ఏడాది నేనూ అడుగుతాను.

పెరంబూరు:
రెండో ప్రశ్నకి జవాబు వచ్చేదాకా ఒప్పుకోవద్దు. మళ్ళీ మెయిల్ పెట్టు. కావాలంటే 30031 కథ కూడా రాయి, నా పేరు అక్కర్లేదు. తొమ్మిదో లెక్క ఇక్కడ పెట్టు, ఈ ఆదివారం నేనూ కూర్చుంటాను. వస్తే జవాబు మాత్రం చెప్పను.