సీ డ్రైవ్ ఫుల్: డీలోంచి జాగా లాగాలా, ఫార్మాట్ కొట్టించాలా?

నల్లకుంట టీచరమ్మ: ఇంట్లో లెక్కల ట్యూషన్ చెప్తాను. ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్. షాపువాళ్లు ఆ ఎస్‌ఎస్‌డీ డిస్క్‌ను రెండు ముక్కలు చేసి, విండోస్ ఉండే సీకి 80 జీబీ ఇచ్చి మిగతాదంతా డీకి పెట్టారు. ఇప్పుడు సీ దగ్గర ఎర్రగీత, డీ దాదాపు ఖాళీ. డీని ష్రింక్ చేసి కుదించినా, సీని పెంచే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ నొక్కడానికి రావట్లేదు. తెలిసినవాళ్లేమో అంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేయించే ఫార్మాటే అంటున్నారు. ఏం చేయమంటారు?

ఒకటే_పార్టిషన్: రాదండీ. ష్రింక్ చేస్తే వచ్చే ఖాళీ డీకి కుడిచివర పడుతుంది. సీ పెరగాలంటే ఖాళీ సీని ఆనుకుని కుడిపక్కనే ఉండాలి. డీలో ఉన్నవి బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసి, డీని డిలీట్ చేసి, అప్పుడు సీని పెంచుకోండి. మధ్యలో రికవరీ పార్టిషన్ (విండోస్‌ను బాగుచేసుకోడానికి ఉంచే ముక్క) అడ్డుంటే అదో గోల. అసలు 256 జీబీని ముక్కలు చేయడమేంటి, అన్నదమ్ముల పంపకాలా?

పార్క్‌లేన్ మల్లన్న: ఆగు తమ్మీ. మాది సర్వీస్ షాపు, రోజూ ఇదే పని. రెండు డ్రైవులుంటే విండోస్ పాడైనా సీ ఒక్కటే ఫార్మాట్ కొట్టి ఇస్తం. డీల ఉన్నది డీలనే ఉంటది. మేడమ్, డీని డిలీట్ చెయ్యకుండ్రి.

చిక్కడపల్లి చిన్నా: విండోస్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అని ఫోల్డర్ ఉంటుంది, చాలా జీబీలు తింటుంది. షిఫ్ట్ డిలీట్ కొట్టండి, పని ఖతం.

ఒకటే_పార్టిషన్: టీచర్ గారూ, దాన్ని ముట్టుకోకండి! విండోస్ లేవదు. అందులో చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైలుకు రెండు చోట్ల పేర్లు; ఎక్స్‌ప్లోరర్ వాటిని రెండేసిసార్లు లెక్కేసి చూపిస్తుంది. డిస్క్ క్లీనప్‌లో ‘క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్’ నొక్కితే పాత అప్‌డేట్లను అదే తీసేస్తుంది. తర్వాత అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్’ కొట్టండి. హైబర్నేషన్ ఫైలు (ఆపేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకునేది) పోయి 3 జీబీ దాకా వస్తుంది.

పార్క్‌లేన్ మల్లన్న: హైబర్నేట్ తీస్తే, ఆన్ చేయంగనే జల్ది లేపే ఫాస్ట్ స్టార్టప్ కూడ పోతది. ఆ ముక్క చెప్పవేంది?

ఒకటే_పార్టిషన్: ఎస్‌ఎస్‌డీ మీద అది ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు.

పార్క్‌లేన్ మల్లన్న: పోతదా పోదా, అది చెప్పు.

ఒకటే_పార్టిషన్: ఎస్‌ఎస్‌డీ అన్నాను. చదివి రాయండి.

రాంనగర్ రాత్రిపక్షి: ఆఫ్ బదులు ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ స్లాష్ టైప్ రెడ్యూస్డ్’ కొడితే సరి. ఆ ఫైలు ర్యామ్‌లో 40 శాతం నుంచి 20కి దిగుతుంది, ఫాస్ట్ స్టార్టప్ ఉంటుంది.

పార్క్‌లేన్ మల్లన్న: చదివే రాస్తున్న. పోతదా, పోదా?

ఒకటే_పార్టిషన్: పోతుంది! చాలా? ఇప్పుడు నాకు జవాబు చెప్పండి. ‘డీల ఉన్నది డీలనే ఉంటది’ అంటారు కదా, మా నాన్నగారి కంప్యూటర్ ఒక షాపులో ఇస్తే సీ కొట్టి ఇచ్చారు. చెల్లి పెళ్లి ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. డెస్క్‌టాప్ కూడా సీలోదేనని రిటైరైన మనిషికి ఎవరు చెప్పారు? ఈ ముక్కలు మా కోసం కాదు, మీరు తొందరగా కొట్టి పంపేయడానికి.

చిక్కడపల్లి చిన్నా: అబ్బో, మొదలైంది.

పార్క్‌లేన్ మల్లన్న: ఆ షాపు నాది కాదు, నా మీద పడితే ఏమొస్తది? సీల ఏమన్న ఉందా అని ప్రతి ఒక్కరినీ అడుగుత. ‘ఏం లేదు, కొట్టెయ్’ అంటరు. బ్యాకప్‌కు వేరే పైసలైతయంటే మొహం మాడ్చుకుంటరు. బూట్ కాని మిషన్‌ను పెన్‌డ్రైవ్ మీద లేపి, ఫైళ్లు యాడ యాడ ఉన్నయో ఏరి కాపీ కొట్టేసరికి ఒక పూట పోతది. ఆ పూటకు పైసలెవరిస్తరు, నువ్విస్తవా? బ్యాకప్‌కు పైసలియ్యుండ్రి, నేను గూడ ఒకటే పార్టిషన్ చేసిస్త.

ఒకటే_పార్టిషన్: ఇదీ అసలు సంగతి! బ్యాకప్‌కి ఇంత అని గోడ మీద రేటు రాసి పెట్టండి, ఇస్తాం. అంతేగానీ డీనే బ్యాకప్ అన్నట్టు మాట్లాడకండి. రెండూ ఉన్నది ఒక్క ఎస్‌ఎస్‌డీలోనే, అది పోతే రెండూ పోతాయి.

పార్క్‌లేన్ మల్లన్న: రాసే పెట్టిన. దాని కింద నిలబడే బేరం చేస్తరు.

నల్లకుంట టీచరమ్మ: మీ గొడవ మధ్యలో నాదొకటి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి చూస్తే డాక్యుమెంట్స్‌లోనే 41 జీబీ ఉంది. అన్నీ జూమ్ క్లాసుల రికార్డింగులే. డీకి మార్చొచ్చా?

రాంనగర్ రాత్రిపక్షి: భేషుగ్గా. డీలో ముందు ఒక ఫోల్డర్ చేసుకోండి. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. ఆ ఫోల్డరే చూపించండి, ఉత్త డీ డ్రైవ్ చూపిస్తే తర్వాత వెనక్కి తేవడం తలనొప్పి. లొకేషన్ ట్యాబ్ లేకపోతే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్ ఆ ఫోల్డర్‌ను పట్టుకుని ఉండొచ్చు, ముందు అందులో బ్యాకప్ ఆపండి. జూమ్ సెట్టింగ్స్‌లో రికార్డింగ్ చోటు కూడా డీకి మార్చండి. మీరు ష్రింక్ చేసిన ఖాళీని మళ్లీ డీకే ఎక్స్‌టెండ్ చేసుకోవచ్చు, అది దాని పక్కనే ఉంది.

నల్లకుంట టీచరమ్మ: అయిపోయింది! ఎర్రగీత పోయింది. ఫార్మాట్ అక్కర్లేకపోయింది.

పార్క్‌లేన్ మల్లన్న: చూసిండ్రా మేడమ్, డీ ఉండబట్టే పనైంది.

ఒకటే_పార్టిషన్: డీ లేకపోతే ఈ పని పడేదే కాదు.