పాతికేళ్ల తర్వాత మళ్ళీ స్టూడియోకి: రాక్ గాయకుడి కొత్త ఆల్బం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

గిటారుగూడు:

1980ల చివర మూడు ఆల్బంలు చేసి, 2000 దగ్గర రికార్డింగ్ ఆపేసిన ఒక రాక్ గాయకుడు 68వ ఏట కొత్త ఆల్బం చేయబోతున్నారు. గిటారు కూడా ఆయనే వాయిస్తారు. సాంకేతికంగా పక్కన ఉండాల్సింది నేను. సగంలో ఆగిపోయిన పాటలతో రెండంగుళాల 24 ట్రాకుల టేపు రీళ్లు ఆరు ఉన్నాయి, అన్నీ ఆంపెక్స్ 456 రకం టేపు, 15 ఐపీఎస్ (సెకనుకి 15 అంగుళాల వేగం) మీద ఎక్కించినవి. రెండు ఈఎల్34 వాక్యూమ్ ట్యూబుల 50 వాట్ల గిటారు ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) ఉంది, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆన్ చేయలేదు. గిటారుకి 9–42 తీగలు (అతి సన్నది, అతి లావుది ఎంత మందమో అంగుళంలో వెయ్యోవంతుల లెక్క). కొత్త పాటలతో పాటు పాతవి రెండు మూడు మళ్ళీ పాడాలని ఆయన కోరిక. వాటిలో కోరస్ మధ్య సి పైనున్న ఎ నోట్ మీద నిలబడుతుంది. ఇప్పుడు ఆ నోట్ అందుతోంది గానీ గొంతు బిగుసుకుపోతోంది.

స్కేల్ తగ్గించాలా, పాడాక సాఫ్ట్‌వేర్‌తో సరిచేయాలా? టేపులు, ఆంప్ సంగతి ఏ వరసలో చూడాలి?

స్వరపేటిక:

ముందు స్కేల్ తేలాలి. ట్యూనింగ్, తీగల మందం, వాద్యాలు కూర్చే తీరు, ఆఖరికి ఏ పాట ఆల్బంలో ఉండాలన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది. టేపులు ఇంకో నెల ఆగినా ఫరవాలేదు. గొంతు కొలవకుండా బ్యాకింగ్ ట్రాకులు వాయించేస్తే మాత్రం అన్నీ మళ్ళీ వాయించాల్సి వస్తుంది.

వయసు పైబడితే స్వర తంతువులు పలచబడతాయి, పూర్తిగా ఆనుకోవు. ఆ సందులోంచి గాలి పోతుంది కాబట్టి అదే నోట్‌కి ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది. పక్కటెముకలు బిగుసుకోవడంతో పట్టే ఊపిరీ తగ్గుతుంది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి గాయకుడు మెడ కండరాలు బిగిస్తాడు. మీకు వినిపిస్తున్న బిగుతు అదే. ముందు చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర స్ట్రోబోస్కోపీ (తంతువుల కదలికను మినుకు వెలుగులో చూసే పరీక్ష) చేయించండి. తంతువుల మీద బొడిపె ఏదైనా ఉంటే సాధకంతో అది పెరగొచ్చు.

డాక్టరు సరేనన్నాక మూడు రోజులు వేర్వేరు వేళల్లో కొలవండి. గొంతు వేడెక్కాక ఒక్కో సెమీటోన్ (పక్క స్వరానికి ఉన్న అతి చిన్న మెట్టు) పైకి వెళ్తూ, ప్రతి నోట్‌నీ 4 సెకన్లు 'ఆ' అని నిలపమనండి. గడ్డం పైకి లేచినా, మెడ నరాలు తేలినా ఆ నోట్ దాటిపోయినట్టే, దాని కిందిదే లెక్క. మూడు రోజుల్లో అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని పట్టుకోండి. కోరస్‌లో నిలిచే నోట్ దాన్ని మించకూడదు. తాకి దిగిపోయే నోట్లు ఒకటి రెండు సెమీటోన్లు పైన ఉన్నా ఇబ్బంది లేదు.

సాఫ్ట్‌వేర్‌తో ఎత్తడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కింద పాడినదాన్ని రెండు సెమీటోన్లు పైకి లాగితే నోట్ పైకెళ్తుంది గానీ పై నోట్‌కి గొంతులో వచ్చే ఒత్తిడి, ఊపిరి అందులో ఉండవు. రాక్ పాటకి ఆ ఒత్తిడే ప్రాణం. అలాగని అతిగా దించకండి. కోరస్ కోసం నాలుగు సెమీటోన్లు దించితే చరణం గొంతు అడుగుకి జారి, మాటలు డ్రమ్స్ కింద కలిసిపోతాయి. అలాంటి చోట స్కేల్ రెండే దించి, కోరస్ బాణీ మార్చడం మేలు.

రోజువారీ సాధకానికి గ్లాసులో 3–4 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు ఆగకుండా 'ఊ' అంటూ కిందనుంచి పైకి, పైనుంచి కిందికి జారాలి. పూటకి 5 నిమిషాలు చాలు. నీటి ఎదురు ఒత్తిడి వల్ల తంతువులు గట్టిగా కొట్టుకోకుండా కదులుతాయి. రికార్డింగ్ రోజున పాడేది 45 నిమిషాలు మించకుండా, మధ్యలో 20 నిమిషాలు మౌనంగా ఉంచండి. గుసగుసగా మాట్లాడినా విశ్రాంతి కిందికి రాదు.

రెండోమీట:

పైన చెప్పినదానికి తీగల లెక్క కలుపుతున్నా. తీగ బిగుతు స్వర పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక సెమీటోన్ దించితే బిగుతు 11 శాతం, రెండు దించితే దాదాపు 21 శాతం తగ్గుతుంది. ఆ వదులు మీద గట్టిగా మీటితే నోట్ మొదట పైకి లేచి తర్వాత దిగుతుంది. వినేవాళ్లకి అది అపశ్రుతిలాగే వినిపిస్తుంది, తప్పేమో గాయకుడి మీదికి పోతుంది.

రెండు సెమీటోన్లు దించితే 10–46 వేయండి. మొదటి తీగకి లెక్క చూడండి: మందం 9 నుంచి 10 అయితే బరువు 23 శాతం పెరుగుతుంది, దించినందుకు 21 శాతం పోతుంది. చేతికి పాత గిటారు పట్టుకున్నట్టే ఉంటుంది. వేళ్లు పెట్టే తీరు మారదు, ఓపెన్ (వేలితో నొక్కని) తీగల మీద మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న బాణీలు, అంటే రిఫ్‌లు మోగినట్టే మోగుతాయి. ఇ మేజర్‌లో ఓపెన్ తీగల మీద కట్టిన రిఫ్‌ని మామూలు ట్యూనింగ్‌లో డి మేజర్‌కి మార్చి వాయిస్తే ఆ మోత రాదు. అందుకే ట్యూనింగే దించాలంటాను. తీగలు మార్చాక 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మీ) దగ్గర శ్రుతి సరిచూసి బ్రిడ్జి సాడిల్స్ (తీగలు కింద ఆనే చిన్న ముక్కలు) జరపడం మరచిపోవద్దు.

టేపుచుట్ట:

ఆ రీళ్లని మాత్రం 'ఒక్కసారి విందాం' అని మెషీన్ ఎక్కించకండి, దయచేసి. 456 అంటే స్టిక్కీ షెడ్ ఉందనే అనుకుని మొదలుపెట్టాలి. అయస్కాంత పొడిని పట్టి ఉంచే పాలీయురెథేన్ బైండర్ ఏళ్ల తరబడి తేమ పీల్చి జిగురుగా మారుతుంది. ప్లే చేస్తే కీచుమని అరుస్తుంది, టేపును చదివే హెడ్ల మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డి మీ రికార్డింగే. ఊడిందంటే పోయినట్టే.

దీనికి మందు వేడి చేయడమే. 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్థిరంగా ఉంచాలి, 57 దాటకూడదు. పావు అంగుళం టేపుకి 8 గంటలు చాలు, మీ రెండంగుళాల రీళ్లకి 24 గంటల దాకా పడుతుంది, ఎందుకంటే వేడి చుట్ట మధ్యదాకా వెళ్లాలి. వంటింటి ఓవెన్ వద్దు. 54కి పెట్టినా ఒక్కోసారి 70కి ఎగిరి దిగుతుంది. మైక్రోవేవ్ మాట తలవనే వద్దు. ల్యాబ్ ఇంక్యుబేటర్ గానీ, ఫ్యాన్ ఉన్న ఫుడ్ డీహైడ్రేటర్ గానీ వాడి, లోపల విడిగా ఒక థర్మామీటర్ పెట్టండి. నాలుగైదు గంటలకోసారి రీలు తిరగేయండి. అయిపోయాక ఎన్ని గంటలు వేడిచేశారో అన్ని గంటలు గది వేడికి చల్లారనివ్వాలి. ఆ తర్వాత కొన్ని వారాలే గడువు, తేమ మళ్ళీ పడుతుంది. అందుకే మెషీన్, ఇంజనీరు, హార్డ్ డిస్కులు సిద్ధమయ్యాకే వేడి చేయండి.

వీటితో పాటు పాత పావు అంగుళం రీళ్లేమైనా బయటపడితే, చుట్టను పక్కనుంచి వెలుగుకు పట్టి చూడండి. వెలుగు చుట్టలోంచి కనబడితే అది ఎసిటేట్. దాన్ని వేడిచేస్తే వంకరపోయి పాడవుతుంది.

ప్లే చేసేముందు హెడ్లు, గైడ్లు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, రబ్బరు రోలరుకి అది వాడొద్దు. రీలు మొదట్లో 1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్, 100 హెర్ట్జ్ టోన్లు ఉండొచ్చు. అజిముత్ (టేపుకి హెడ్ నిలిచే కోణం), లెవెల్, ఈక్వలైజేషన్ వాటికే సరిచేయాలి. డబ్బా మీద డాల్బీ (టేపు బుసను తగ్గించే పద్ధతి) అని రాసి ఉంటే ఏ రకమో చూసి అదే డీకోడర్ పెట్టాలి, లేకపోతే పై స్థాయి అంతా బుసబుసలాడుతుంది. పాత అతుకుల జిగురు ఎండిపోయి ఊడుతుంది కాబట్టి స్ప్లైసింగ్ టేపు చేతికి అందేలా పెట్టుకోండి.

2,500 అడుగుల రీలు 15 ఐపీఎస్ మీద 33 నిమిషాల 20 సెకన్లు. 24 ట్రాకులు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో తీస్తే రీలుకి దాదాపు 13.8 గిగాబైట్లు, ఆరింటికీ కలిపి 83. రెండు డిస్కుల మీద, రెండు చోట్ల దాచినా పెద్ద ఖర్చేం కాదు.

ఎర్రట్యూబు:

ఆంప్‌కి నేరుగా కరెంటు ఇవ్వొద్దు. పాతికేళ్లు పడున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చించేయండి. అందరూ మరిచేది బయాస్ (ట్యూబులో కరెంటును అదుపులో పెట్టే వోల్టేజీ) సప్లై కెపాసిటర్. అది చచ్చిందంటే గ్రిడ్‌కి నెగటివ్ వోల్టేజీ అందక ఈఎల్34 ప్లేట్లు ఎర్రగా కాలి, ట్రాన్స్‌ఫార్మర్ని కూడా తినేస్తాయి. బయాస్ లెక్క ఇది: ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు, దాన్లో 70 శాతం అంటే 17.5. ప్లేటు మీద 450 వోల్టులుంటే ట్యూబుకి 39 మిల్లీఆంపియర్లు మించనివ్వొద్దు. ప్లగ్ పీకినా లోపల 450 వోల్టులు నిలిచే ఉంటాయి, ప్రాణం తీస్తాయి. ట్యూబ్ ఆంప్‌లు తెలిసిన టెక్నీషియన్ చేతే తెరిపించండి. స్పీకర్ తగిలించకుండా ఒక్క క్షణం కూడా వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

గిటారుగూడు:

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులూ కొలిచాం. రెండు రోజులు జి నిలిచింది, మూడోనాడు ఎఫ్ షార్ప్ దగ్గరే ఆగింది. అంటే మూడు సెమీటోన్లు దించాలి. ఇంకో సంగతి, హెడ్‌ఫోన్‌లో క్లిక్ (లయ చూపే టిక్ టిక్) పెట్టుకుని పాడితే వెనకబడుతున్నారు. వయసు వల్లేనా?

స్వరపేటిక:

వయసు మీదికి నెట్టేముందు, కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా పోగుచేసుకునే బఫర్ చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్లంటే ఒక్క వైపుకే 10.7 మిల్లీసెకన్లు, రానూ పోనూ కలిపి 21 దాటుతుంది. తన గొంతు తనకే ఆలస్యంగా వినబడితే ఎవరైనా వెనకబడతారు. 64కి దించండి, లేదా ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్ దాకా వెళ్లకుండా నేరుగా వినడం) వాడండి. దశాబ్దాలు ఆంప్‌ల ముందు నిలబడ్డ చెవుల్లో 4 కిలోహెర్ట్జ్ చుట్టూ వినికిడి తగ్గి గుంత పడి ఉండొచ్చు. అప్పుడు పదునైన క్లిక్ సరిగా వినబడక వాల్యూమ్ పెంచుతూ పోతారు. క్లిక్ బదులు 500 హెర్ట్జ్ దగ్గర మోగే కౌబెల్ (ఆవుమెడ గంట) శబ్దం ఇవ్వండి. 94 డెసిబెల్స్ దగ్గర రోజుకి గంట, 100 దగ్గర పావుగంటే సురక్షితం.

అసలు క్లిక్కే తీసేసి డ్రమ్మర్‌తో ఎదురెదురుగా వాయిస్తే ఇంకా మంచిది. 1980లలో ఆయన అలాగే వాయించి ఉంటే ఆ లయే ఆయన చేతిలో ఉంటుంది.

విడతలుగా చేయడానికి వెనకాడొద్దు. 2003 తర్వాత రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ ఆల్బం మళ్ళీ వచ్చింది 2013లోనే. నిర్మాత టోనీ విస్కాంటీతో న్యూయార్క్‌లో దాదాపు రెండేళ్లు గుట్టుగా, మధ్యమధ్య ఆగుతూ చేశారు. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ 1994లో నిర్మాత రిక్ రూబిన్‌తో చేసినదైతే ఒక గొంతు, ఒక గిటారు, అంతే. ముదిరిన గొంతు చుట్టూ చోటు వదిలితే దాని బరువు వినబడుతుంది.

హక్కులచిట్టా:

పాటమీద హక్కు వేరు, మాస్టర్ రికార్డింగ్ మీద హక్కు వేరు. పాట ఆయన రాసినదే అయినా ఆ ఆరు రీళ్లు పాత కంపెనీవి కావచ్చు. లిఖితపూర్వకంగా అనుమతి వచ్చేదాకా వాటిలోంచి ఒక్క గిటారు ముక్క కూడా కొత్త పాటలో కలపొద్దు. పాత పాటలు మళ్ళీ పాడేముందు కాంట్రాక్టులో పునఃరికార్డింగ్ నిషేధం ఎన్నేళ్లో చదవండి, పాతికేళ్లయింది కాబట్టి చాలావరకు గడువు తీరి ఉంటుంది. తన పాత బాణీకి దగ్గరగా కొత్త పాట కట్టినా చిక్కే. రాక్ గాయకుడు జాన్ ఫోగర్టీ 1985లో తిరిగొచ్చినప్పుడు తన పాత పాటనే కాపీ కొట్టాడని ఆయన పాత రికార్డు కంపెనీ ఫ్యాంటసీ దావా వేసింది. ఆయనే గెలిచారు, అయినా లాయరు ఖర్చుల గొడవ 1994లో అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది.

రెండోమీట:

మూడు సెమీటోన్లయితే 11–49 వేయండి. మొదటి తీగ లెక్కన పాత 9–42 కన్నా సుమారు 6 శాతం బిగువు ఎక్కువ, అంతే. మందం తీగ నట్ (మెడ పైచివర తీగలు ఆనే ముక్క) గాడిలో ఇరుక్కుంటే ట్యూన్ చేసేటప్పుడు 'టిక్'మని ఎగురుతుంది, ఆ గాడిని సన్నగా అరగదీయించండి. తీగని మొదటి, ఆఖరి ఫ్రెట్ల దగ్గర నొక్కిపట్టి చూస్తే 7వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.25 మిల్లీమీటర్ ఉండేలా ట్రస్ రాడ్ (గిటారు మెడలోని ఇనుప కడ్డీ) తిప్పండి, ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. గిటారు మెడ కుదురుకోవడానికి ఒక రోజు వదిలి, మర్నాడు మళ్ళీ కొలిచాకే రికార్డింగ్ పెట్టుకోండి.