పక్కవాద్యాన్ని నమ్ముకొని ఉద్యోగం మానుకోవచ్చా?

ప్రశ్న (వయొలిన్ కళాకారిణి, ప్రొద్దుటూరు)

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో వయొలిన్ డిప్లొమా పూర్తి చేసి, ప్రస్తుతం మా ఊరి ప్రైవేటు పాఠశాల ఒకదానిలో సంగీతం చెబుతున్నాను. దసరా ఉత్సవాలకు ప్రొద్దుటూరులోనూ, శ్రీరామనవమికి ఒంటిమిట్ట వైపూ, వైశాఖ పౌర్ణమికి తాళ్లపాకలోనూ పక్కవాద్యానికి, అంటే గాయకులకు తోడుగా వాయించడానికి, పిలుపులు వస్తుంటాయి కానీ, సెలవు దొరకక మంచి కచేరీలు వదులుకోవలసి వస్తోంది. ఉద్యోగం మాని పూర్తిగా కచేరీలకే నిలబడాలని ఉంది. అయితే ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ పెళ్లిళ్ల కచేరీలు ఒక్కటీ ఉండవు. గాత్రానికిచ్చే సంభావనకూ, పక్కవాద్యానికిచ్చేదానికీ చాలా తేడా ఉంటుంది. ఈ మధ్య ఒక నిర్వాహకుడు కచేరీ ముగిశాక శాలువా కప్పి, బస్సు ఛార్జీలు కూడా సంభావనలోనే కలిపామని చెప్పారు. నా వయసు 23 ఏళ్లు. ఈ దారిలో నిలదొక్కుకున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (వయొలిన్ కళాకారుడు, కర్నూలు)

అమ్మా, ఉద్యోగం మానే ముందు ఆకాశవాణి ఆడిషన్‌లో ఇచ్చే గ్రేడు సంపాదించుకోండి. బి, బి హై, ఎ, టాప్ అనే ఆ మెట్లలో మీరు ఎక్కడున్నారన్నదే చాలా సభలవారు మొదట అడిగే ప్రశ్న. మీకు కడప కేంద్రం దగ్గరలోనే ఉంది. రేడియో ఇచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు గానీ, గ్రేడు చేతిలో ఉంటే సంభావన అడగడానికి నోరు వస్తుంది.

సంభావన, ప్రయాణం, బస ఈ మూడింటినీ వేర్వేరుగా, పిలుపు వచ్చిన రోజే మాట్లాడి వాట్సాప్‌లో రాయించుకోండి. శాలువా కప్పాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

మరొక మాట. ఉత్సవాల్లో ఒకే సాయంత్రం ఐదున్నర శ్రుతిలో (హెచ్చు స్థాయిలో) పాడే గాయనికీ, వెంటనే ఒకటిన్నర శ్రుతిలో (తగ్గు స్థాయిలో) పాడే గాయకుడికీ వాయించవలసి వస్తుంది. వేదిక మీద హడావుడిగా బిరడాలు తిప్పి తీగలు సవరిస్తే, పల్లవి పూర్తయ్యేలోపే శ్రుతి జారిపోతుంది, ఒక్కోసారి పై తీగ తెగిపోతుంది కూడా. అందుకే రెండో వయొలిన్ కొనుక్కుని, ఒక్కో శ్రుతికి ఒక్కోదాన్ని సిద్ధంగా ఉంచుకోండి. స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి వాయించడంలో, ఎంత వేగం చూపినా, శ్రుతి నిలవని పక్కవాద్యాన్ని గాయకులు రెండోసారి పిలవరు. ఈ ఖర్చు జీతం వస్తున్నప్పుడే పెట్టుకోవడం మేలు.

జవాబు (గాత్ర అధ్యాపకురాలు, అనంతపురం)

ఉద్యోగం చేస్తే సంగీతం వెనకబడుతుందన్న భయం మీ ప్రశ్నలో కనిపిస్తోంది. మా జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. ఆ తర్వాత తిరుపతిలో అన్నమయ్య కీర్తనలకు వరుసలు కట్టి స్వరపరిచారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. జీతం ఆయన విద్యకు అడ్డు రాలేదు.

మీరు కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే యువ కళాకారుల ఉపకారవేతనానికి తప్పక దరఖాస్తు చేయాలి. 18 నుంచి 25 ఏళ్ల వయసువారికి రెండేళ్ల పాటు నెలకు 5,000 రూపాయలు ఇస్తారు. వయసు దాటితే మళ్లీ అవకాశం ఉండదు కనుక ఈ ఏడాదే ప్రయత్నించండి.

జవాబు (రికార్డింగ్ స్టూడియో నిర్వాహకుడు, కడప)

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. పాఠశాలలో రోజంతా పిల్లలకు సరళీ స్వరాలు చెప్పి వచ్చాక సాధనకు ఓపిక మిగలదు, ఈ వయసులో తగ్గిన సాధన తర్వాత కూడబెట్టుకోవడం కష్టం. పూర్తిగా మానకుండా, వారానికి మూడు రోజుల పనికి యాజమాన్యాన్ని ఒప్పించి, తగ్గిన ఆదాయాన్ని ఆన్‌లైన్ పాఠాలతో పూడ్చుకోండి. అమెరికాలోని తెలుగు పిల్లలకు సాయంత్రమైతే మనకు తెల్లవారుజాము కాబట్టి, పగటి కచేరీలకు అది అడ్డు కాదు.

యూట్యూబ్‌లో సొంతంగా వాయించి పెట్టదలచుకుంటే, అన్నమయ్య సాహిత్యానికి హక్కుల చిక్కు లేకపోయినా, ఈ కాలంలో వరుస కట్టినవారికి ఆ వరుస మీద హక్కు ఉంటుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఉపకారవేతనం సంగతి నాకు తెలియనే తెలియదు, ఈ వారమే దరఖాస్తు చేస్తాను. మూడు రోజుల పని గురించి వేసవి సెలవులకు ముందే ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడతాను. కడప కేంద్రంలో వయొలిన్ ఆడిషన్‌కు ఈ మధ్య హాజరైనవారు ఉంటే, ఏయే రాగాలు అడిగారో చెప్పగలరా?