మా బిడ్డ నేవీ డాక్టర్ అవుతానంటోంది, రాష్ట్రపతికి వైద్యం చేస్తానంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి

బత్తాయితోట_దేవరకొండ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. కొంచెం బత్తాయి తోట, మిగతాది పత్తి. మా పెద్దబిడ్డ గురుకులంలో ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం. అమెరికా అధ్యక్షుడు కెనెడీ డాక్టరు నేవీ అడ్మిరల్ అని లైబ్రరీలో ఎక్కడో చదివిందట. అప్పటి నుంచి ఒకటే పాట: "నాన్నా, నేను నేవీలో సర్జన్ అవుతా, ఢిల్లీలో రాష్ట్రపతికి వైద్యం చేస్తా."

మా బావమరిది నవ్వుతున్నాడు. సాగర్ డ్యాం తప్ప నీళ్లు చూడని పిల్లకు సముద్రం ఎందుకంటాడు. నాకు మాత్రం ఆ మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు. నల్గొండలో ఒకాయన "పది లక్షలు సర్దితే పుణేలో సీటు ఖాయం" అని ఫోన్ చేశాడు, అదొక టెన్షన్.

అడిగేవి ఇవీ. నేవీ డాక్టర్ చేసే పని ఏమిటి, యుద్ధం లేనప్పుడు కూడా పని ఉంటుందా? పెద్ద నాయకులకు డాక్టర్‌గా వీళ్లనే పెడతారా? ఇంకోటి, మాది ఒకప్పుడు ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. బిడ్డ పళ్ల మీద కొంచెం గార ఉంది. మెడికల్‌లో తీసేస్తారా?

పుణే_క్యాడెట్:

అంకుల్, మాది మిర్యాలగూడ, పుణేలోని ఏఎఫ్‌ఎంసీలో, అంటే సైన్యానికి డాక్టర్లను తయారుచేసే మెడికల్ కాలేజీలో చదువుతున్నా. ముందు ఆ ఫోన్ నంబర్ బ్లాక్ చేయండి. ఇక్కడ మేనేజ్‌మెంట్ కోటా అనేదే లేదు, ట్యూషన్ ఫీజు కూడా లేదు. అమ్మడానికి సీటు ఎవరి చేతిలోనూ ఉండదు.

దారి ఇది. నీట్ రాయాలి, ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) రిజిస్ట్రేషన్‌లో ఏఎఫ్‌ఎంసీ ఆప్షన్ పెట్టాలి. స్కోరును బట్టి పుణేకు పిలుస్తారు. అక్కడ ఇంగ్లిష్, లాజిక్ మీద చిన్న కంప్యూటర్ పరీక్ష, మానసిక పరీక్ష, ఇంటర్వ్యూ, ఆ తర్వాత మెడికల్. మన దేశం పిల్లలకు ఉన్నవి 145 సీట్లు, అందులో అమ్మాయిలకు 30. దేశం మొత్తానికి 30 అని గుర్తుపెట్టుకోండి. పెళ్లి కాకుండా ఉండాలి, చదువు అయ్యేదాకా చేసుకోకూడదు. ఇది మీ చుట్టాలకు ముందే చెప్పేయండి.

బాండ్ ఉంటుంది. చదువు అయ్యాక యూనిఫాం వద్దంటే కట్టాల్సింది లక్షల్లో ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఇక్కడ చేరినంత మాత్రాన నేవీయే వస్తుందని లేదు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటికీ ఇక్కడి నుంచి డాక్టర్లు వెళ్తారు. మన ఇష్టం అడుగుతారు, ఖాళీలూ మెరిట్టూ చూస్తారు. ఎక్కువ మంది వెళ్లేది ఆర్మీకే.

సీటు రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. మన నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ కాలేజీల్లో ఎంబీబీఎస్ చేసి కూడా షార్ట్ సర్వీస్ కమిషన్‌లో రావచ్చు. మొదట ఐదేళ్లు, తర్వాత పొడిగిస్తూ పద్నాలుగేళ్ల వరకు ఉండొచ్చు. ఇంగ్లిష్ పేపర్ రోజూ చదివించండి అంకుల్, మన పిల్లలు జారేది అక్కడే.

పాత_నావికుడు_కల్వకుర్తి:

తమ్మీ, నేను డాక్టర్ని కాదు. నేవీలో మెడికల్ అసిస్టెంట్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఇంజక్షన్ చేసింది నేను, ఆర్డర్ వేసింది వాళ్లు. కాబట్టి వాళ్లను దగ్గర నుంచి చూశాను.

మొదట నీ బిడ్డకు ఒకటి చెప్పు. నేవీలో ప్రతి డాక్టరూ సర్జనే. కత్తి పట్టినా పట్టకపోయినా, పిల్లల డాక్టరైనా, ఎక్స్‌రే డాక్టరైనా ర్యాంకు ముందు ఆ మాట ఉంటుంది. సర్జన్ లెఫ్టినెంట్‌తో మొదలై సర్జన్ కమాండర్, సర్జన్ కెప్టెన్ అంటూ సర్జన్ వైస్ అడ్మిరల్ దాకా. మూడు దళాల వైద్య సేవలకూ కలిపి పైన ఉండే డైరెక్టర్ జనరల్ కుర్చీలో 2024 అక్టోబర్‌లో కూర్చున్నది సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్, ఆ కుర్చీలో మొదటి ఆడమనిషి. ఆమె చదివింది క్యాన్సర్ రేడియేషన్ వైద్యం. అంతకుముందు పునీతా అరోరా గారు, ప్రసూతి వైద్యురాలు, ఆర్మీలో లెఫ్టినెంట్ జనరల్ అయ్యి తర్వాత నేవీలో వైస్ అడ్మిరల్ అయ్యారు. మీ బావమరిదికి ఈ రెండు పేర్లు చెప్పు చాలు.

యుద్ధం లేనప్పుడు పని ఉంటుందా అన్నావు. యుద్ధం లేనప్పుడే ఎక్కువ. ఓడలో సిక్ బే అని చిన్న గది ఉంటుంది. పొద్దున అక్కడ వరుస కడతారు. బరువైన ఇనుప తలుపుల మధ్య వేళ్లు నలిగినవాళ్లు, ఇంజిన్ రూం వేడికి కళ్లు తిరిగినవాళ్లు, వంటగదిలో నూనె పడినవాళ్లు. అది అయ్యాక డాక్టర్ వంటగదికి పోయి పప్పు రుచి చూడాలి, తాగేనీళ్ల ట్యాంకు చూడాలి, కూరగాయల గది వాసన చూడాలి. వందల మంది తినేది ఒకే కుండలో తిండి. ఒక్క పూట తేడా వస్తే ఓడ ఓడంతా మంచం పడుతుంది. చిన్న ఓడల్లో డాక్టరే ఉండడు, మాలాంటివాడే దిక్కు. విమానాలు దిగే విక్రాంత్ లాంటి పెద్ద ఓడలో ఆపరేషన్ థియేటర్, సీటీ స్కాన్ కూడా ఉన్నాయి.

డైవర్ల వైద్యం ఇంకో లోకం. లోతు నుంచి గబగబా పైకి వస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్, సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కీళ్లు పట్టేస్తాయి, ఒక్కోసారి కాళ్లు పడిపోతాయి. మనిషిని ఇనుప ఛాంబర్‌లో పెట్టి మళ్లీ గాలి ఒత్తిడి పెంచి, గంటల తరబడి మెల్లగా తగ్గించాలి. ఇది బయటి కాలేజీలో చూద్దామన్నా దొరకదు. ముంబయి కొలాబాలోని అశ్విని ఆసుపత్రి దగ్గర నేర్పుతారు.

ఇక నేను చూసింది ఒకటి చెబుతా. ఓడ పేరు వద్దు. ఒడ్డుకు చాలా దూరంలో ఉన్నాం, ఎక్సర్‌సైజ్, అంటే యుద్ధ విన్యాసాలు నడుస్తున్నాయి. ఒక కుర్ర నావికుడికి రాత్రి కడుపునొప్పి, తెల్లారేసరికి కుడివైపు కింద చెయ్యి పెడితే కేక. మా డాక్టర్ కొత్తగా వచ్చిన సర్జన్ లెఫ్టినెంట్. అపెండిక్స్ అన్నాడు. కోయడానికి మా దగ్గర ఏమీ లేదు. సెలైన్ పెట్టించాడు, యాంటీబయాటిక్ ఇచ్చాడు, నోటికి నీళ్లు కూడా వద్దన్నాడు. ఆ తర్వాత టోపీ పెట్టుకుని బ్రిడ్జి మీదకు, అంటే ఓడ నడిపే గదిలోకి పోయి కెప్టెన్‌తో, "సార్, ఈ అబ్బాయిని దించాలి, ఓడ తిప్పండి" అన్నాడు. కెప్టెన్‌కు ఎక్సర్‌సైజ్ ముఖ్యం, పైన అడ్మిరల్ చూస్తున్నాడు. "సాయంత్రం దాకా ఆగలేమా?" అన్నాడు. ఈయన గొంతు వణికింది గానీ మాట మారలేదు: "ఆగితే ఏమవుతుందో రాసి సంతకం పెడతాను సార్." నేను ఫైలు పట్టుకుని వెనకే నిలబడి ఉన్నా. హెలికాప్టర్ అందే దూరందాకా ఓడ తిప్పారు. అబ్బాయి బతికాడు, తర్వాత పెళ్లి కార్డు కూడా పంపాడు.

రాష్ట్రపతి సంగతంటావా. ఆ పనికి అప్లికేషన్ ఉండదు. సైనిక వైద్య సేవల నుంచే ఎంచి పంపుతారు, ఆర్మీవాళ్లు కావచ్చు, నేవీవాళ్లు కావచ్చు. పెద్ద ర్యాంకు డాక్టర్లకు రాష్ట్రపతి గౌరవ సర్జన్ అనే గుర్తింపు కూడా ఇస్తారు, పేరు చివర పీహెచ్‌ఎస్ అని ఉంటే అదే. అది గౌరవం, రోజూ నాడి పట్టుకునే డ్యూటీ కాదు.

2006 ఫిబ్రవరిలో కలాం గారు విశాఖ వచ్చి సింధురక్షక్ జలాంతర్గామిలో సముద్రం లోపలికి పోయారు. పేపర్లో ఆయన నవ్వుతున్న ఫొటో వచ్చింది. ఒడ్డున మా పని ఏంటంటే, ఆపరేషన్ థియేటర్ కడిగి లైట్లు వేసి ఉంచడం, ఆయన గ్రూపు రక్తం ఫ్రిజ్‌లో ఉందో లేదో మళ్లీ మళ్లీ చూడటం, ఫోన్ దగ్గర నుంచి కదలకపోవడం. ఏమీ జరగలేదు. ఆ డ్యూటీలో ఏమీ జరగకపోవడమే పని. ఫొటోలో మేమెవరం లేము.

సోషల్‌సారు_పాలమూరు:

కల్వకుర్తి అన్న చెప్పిన బ్రిడ్జి సంగతి చదివాక ఆగలేకపోయాను. రిటైర్డ్ సోషల్ టీచర్ని, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

అమ్మాయి చదివింది నిజమే. కెనెడీ దగ్గరున్న జార్జ్ బర్క్‌లీ నేవీ రియర్ అడ్మిరల్. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో కాల్పులు జరిగినప్పుడు ఆయన్ను కాన్వాయ్‌లో చాలా వెనక బస్సులో కూర్చోబెట్టారు. అంత దూరంలో పెడితే ఎలా అని ముందే గొణిగాడు కూడా. చివరికి మరణ ధ్రువపత్రం మీద సంతకం ఆయనది. ఇంకో మాట కూడా చెప్పండి అమ్మాయికి: 1961లో వైట్‌హౌస్ అధికారిక డాక్టర్ అయింది ఒక మహిళ, జానెట్ ట్రావెల్. ఆమె సైన్యంలో మనిషి కాదు.

నాకు వీళ్లందరికన్నా ఇంకో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ డాక్టర్ల కథే పెద్ద పాఠం. రాస్ మెకింటైర్ అని నేవీ డాక్టర్, ముక్కు గొంతు నిపుణుడు. అధ్యక్షుడికి సైనస్ బాధ ఉండేది కాబట్టి 1933లో వైట్‌హౌస్‌లోకి వచ్చాడు. 1938కల్లా నేవీ సర్జన్ జనరల్, తర్వాత వైస్ అడ్మిరల్. 1944 మార్చిలో రూజ్‌వెల్ట్ బాగా నీరసించాడు. కూతురు ఆనా పట్టుబడితే బెథెస్డా నేవీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చూసింది హోవార్డ్ బ్రూయెన్, గుండె డాక్టర్, ర్యాంకులో లెఫ్టినెంట్ కమాండర్ మాత్రమే. బీపీ 186/108. గుండె పెద్దదైపోయి, ఫెయిల్ అవుతోందని తేల్చాడు. గుండెకు డిజిటాలిస్ అనే మందు ఇవ్వాలి, విశ్రాంతి ఇవ్వాలి అన్నాడు.

ఇప్పుడు ఊహించండి. ఒక లెఫ్టినెంట్ కమాండర్, వైస్ అడ్మిరల్‌తో "మీ పేషెంటుకు మీరు చెప్పినట్టు జలుబూ దగ్గూ కాదు సార్" అనాలి. అన్నాడు. మెకింటైర్ మొదట ఒప్పుకోలేదు. బయటి నుంచి పెద్ద డాక్టర్లను పిలిపించాకే మందు మొదలైంది, పేషెంటు కుదుటపడ్డాడు. జనానికి మాత్రం వయసుకు తగ్గట్టు ఆరోగ్యం బాగుందనే చెప్పారు. ఆ నవంబర్‌లో నాలుగోసారి గెలిచాడు, ఫిబ్రవరిలో యుద్ధ నాయకుల సమావేశానికి యాల్టా పోయాడు, 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. అప్పుడు పక్కనున్నది బ్రూయెనే. నాకు విచిత్రంగా అనిపించేది ఏంటంటే, ఇన్ని నెలలు మందులు మింగుతూ కూడా రూజ్‌వెల్ట్ తనకేం రోగమని బ్రూయెన్‌ను అడగనే లేదట. బ్రూయెన్ ఆ వివరాలన్నీ వైద్య పత్రికలో అచ్చు వేయించింది 1970లో.

అంతకుముందు అధ్యక్షుడు విల్సన్ డాక్టర్ కేరీ గ్రేసన్ కూడా నేవీవాడే. 1919 అక్టోబర్‌లో విల్సన్‌కు పక్షవాతం వస్తే బయటికి చెప్పింది నరాల అలసట అని. దేశం నెలల తరబడి అదే నమ్మింది. గ్రేసన్‌ను చాలామంది సమర్థిస్తారు, పేషెంటు గుట్టు కాపాడాడని. నేను సమర్థించను. పేషెంటు గుట్టు వేరు, అధ్యక్షుడికి ఒక పక్క పడిపోయిందని దేశానికి తెలియకపోవడం వేరు. అయినా డాక్టర్ నోరు విప్పితే అదీ తప్పే. రెండు వైపులా కొరివే. అమ్మాయితో పదవి గురించి కాదు, దీని గురించి మాట్లాడండి. ఆమె ఏమంటుందో నాకూ వినాలని ఉంది.

బత్తాయితోట_దేవరకొండ:

అందరికీ దండాలు. ఫోన్ బిడ్డ చేతికే ఇచ్చి చదివించా. సారు అడిగినదానికి ఆమె మాట: "జనానికి రోగం పేరు చెప్పక్కర్లేదు నాన్నా, పని చేయగలడో లేడో చెబితే చాలు కదా." నాకైతే సబబుగానే అనిపించింది.

పళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ఈత. మా బావిలో నడుముకు బెండు కట్టి నేర్పించా, ఇప్పుడు బెండు లేకుండానే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కొడుతుంది. అది పనికొస్తుందా? బిడ్డ ప్రశ్న మాత్రం వేరే ఉంది: ఓడలో వాంతులైతే డాక్టర్‌ను ఇంటికి పంపిస్తారా?

పాత_నావికుడు_కల్వకుర్తి:

బిడ్డ సమాధానం బాగుంది తమ్మీ.

పళ్లకు పాయింట్లు లెక్కపెడతారు. గట్టిగా, నమలడానికి పనికొచ్చే పళ్లకు కలిపి 14 పాయింట్లు ఉండాలి. పుచ్చులు, ఊడిన పళ్లు, చిగుళ్ల రోగం ఉంటే లెక్క తగ్గుతుంది. ఇప్పుడే డెంటిస్టుకు చూపించి పుచ్చులుంటే పూడ్పించు, చివరి నిమిషం దాకా ఆగకు. ఫ్లోరైడ్ ఊరు కాబట్టి నడుమూ మోకాళ్లూ బాగా వంగుతున్నాయో లేదో కూడా ఒకసారి చూపించు. కళ్లద్దాల నంబర్, రంగులు గుర్తుపట్టడం కూడా చూపించు.

బావి ఈత బంగారం. భయం పోయినవాళ్లకు మిగతాది నేర్పడం తేలిక.

వీలైతే సంక్రాంతి సెలవుల్లో నల్గొండలో జన్మభూమి ఎక్కించి విశాఖ తీసుకెళ్లు. రామకృష్ణా బీచ్‌లో కురుసురా జలాంతర్గామి మ్యూజియం ఉంది. ఆ ఇరుకు గుండ్రటి గుమ్మాల్లోంచి ఒంగి నడిచి, ఆ మంచాల వెడల్పు చూస్తే ఈ ఉద్యోగం ఎలాంటిదో మేం రాసినదానికన్నా బాగా తెలుస్తుంది. నిన్ను కూడా లోపలికి రానిస్తారు, తల జాగ్రత్త.

ఇక వాంతులు. ఇంగ్లండ్ అడ్మిరల్ నెల్సన్‌కు జీవితాంతం సముద్రం పడలేదు. మా అపెండిక్స్ డాక్టర్ కూడా ఓడ రేవు దాటగానే బకెట్ దగ్గరే ఉండేవాడు. ఒక అవోమిన్ మాత్ర వేసుకుని, మూతి తుడుచుకుని, సిక్ బే తలుపు తీసేవాడు. అప్పటికే బయట వరుస ఉండేది, వాళ్లలో సగం మంది వచ్చేది అదే మాత్ర కోసం.

పుణే_క్యాడెట్:

అంకుల్, ఇంటర్వ్యూలో చెల్లిని "ఎందుకు నేవీ?" అని తప్పకుండా అడుగుతారు. రాష్ట్రపతి పేరు ఎత్తొద్దని చెప్పండి, ప్యానెల్ అక్కడే పట్టుకుంటుంది. బావి సంగతి చెప్పమనండి.