బిల్లు కౌంటర్ దగ్గర ఫోన్ నంబర్ చెప్పాల్సిందేనా?

నెలసరుకులు (మల్కాజిగిరి):

సరుకులకు వెళ్తే చిరాకు తెప్పించేవి చాలానే ఉంటాయి. అర మీద ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు. రెండు రూపాయల చిల్లర బదులు చాక్లెట్. ఇంటి నుంచి సంచి తేవడం మరిచిపోతే దానికి వేరే డబ్బులు. వీటన్నిటితో ఎలాగోలా నెట్టుకొస్తున్నాను. బిల్లు వేసే ముందు "మేడమ్, ఫోన్ నంబర్" అనడం మాత్రం నాకు అస్సలు మింగుడుపడటం లేదు.

మొన్న ఆదివారం సాయంత్రం మా దగ్గరి సూపర్‌మార్కెట్‌లో కందిపప్పు, నూనె, సబ్బులు తీసుకుని లైన్లో నిలబడ్డాను. నా ముందు కాలేజీ వయసు అమ్మాయి ఉంది. తన నంబర్ చెప్పింది. ఆ గోలలో కౌంటర్ అబ్బాయికి వినపడలేదు. ఇంకా గట్టిగా చెప్పింది. సరిచూసుకోవడానికి అతను పది అంకెలూ పైకి చదివాడు. లైన్లో ఉన్న అందరం విన్నాం. నా వంతు వచ్చాక నేను చెప్పనన్నాను. "నంబర్ కొట్టకపోతే బిల్లు రాదు మేడమ్" అన్నాడు. వెనక నుంచి ఒకాయన "చెప్పేయండమ్మా, ఎంతసేపు నిలబడాలి" అని విసుక్కున్నారు. చివరికి సూపర్‌వైజర్ వచ్చి ఏదో నంబర్ కొట్టి బిల్లు తీశారు. అంటే నా నంబర్ లేకపోయినా బిల్లు వస్తుందన్నమాట.

డబ్బు ఇస్తున్నాను, సరుకు తీసుకుంటున్నాను. ఈ కొనుగోలుకు నా నంబర్‌తో పనేమిటి? బ్యాంకు ఓటీపీ, ఆధార్, వాట్సాప్, పిల్లల స్కూలు మెసేజ్‌లు అన్నీ ఆ ఒక్క నంబర్ మీదే నడుస్తున్నాయి. నంబర్ కోసం పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిటైల్ రంగానికి, సీఐఐ, ఫిక్కీ, అసోచామ్ లాంటి వ్యాపార సంఘాలకు చెప్పింది. మా ఏరియాలో మాత్రం ఏ మార్పూ లేదు. అడగడం వేరు, ఇస్తేనే అమ్ముతామనడం వేరు. రెండోది తప్పని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

తెనాలి వాసి:

అక్కా, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. నంబర్ ఇస్తే పాయింట్లు వస్తాయి. బిల్లు పోగొట్టుకున్నా నంబర్ చెబితే పాత బిల్లు తీసి సరుకు మార్చి ఇస్తారు. మా అమ్మ తెచ్చిన మినప్పప్పు ప్యాకెట్‌లో పురుగు ఉంటే, చేతిలో బిల్లు లేకపోయినా నంబర్ చూసే మార్చి ఇచ్చారు. కాగితం బిల్లు రెండు నెలల్లో తెల్లబడిపోతుంది, అక్షరాలే కనపడవు. ఫోన్‌లో మెసేజ్ ఉండిపోతుంది.

ఇంకో మాట. డబ్బులు ఫోన్‌తోనే కడుతున్నాం. స్కాన్ చేసి డబ్బు కట్టగానే మన పేరు అవతలివాళ్లకు వెళ్తుంది. చాలామందికి యూపీఐ ఐడీ అంటే ఫోన్ నంబరే. అక్కడ లేని భయం ఇక్కడెందుకు?

లా చదువుతున్నా:

చట్టం ఏమంటుందో చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

జీఎస్టీ బిల్లులో ఏమేం ఉండాలో జీఎస్టీ నిబంధనల్లో 46వ నిబంధన చెబుతుంది. రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారు పేరు, చిరునామా అయినా సరుకు విలువ 50,000 రూపాయలు లేదా అంతకు మించితేనే తప్పనిసరి. ఫోన్ నంబర్ ఆ జాబితాలోనే లేదు. కాబట్టి "గవర్నమెంట్ రూల్ సార్" అని ఎవరైనా అంటే నమ్మకండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో అనుచిత వ్యాపార పద్ధతులంటే ఏవో ఒక పట్టీ ఉంది. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం అందులో ఒకటి. నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పుకోని విధంగా ఇతరులకు ఇవ్వడం ఇంకొకటి. "నంబర్ చెప్పకపోతే బిల్లు రాదు" అనే మాట మొదటిదాని కిందికి వస్తుంది. మన నంబర్ ప్లాట్లు అమ్మేవాళ్ల చేతికి చేరితే రెండోది వర్తిస్తుంది.

తెనాలి వాసి:

మరి 2023లో కేంద్రం చెప్పినది చట్టమా, సలహానా?

లా చదువుతున్నా:

సలహానే. కానీ అది ఆధారపడింది పైన చెప్పిన 2019 చట్టం మీద. 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టంలోనే మన చర్చకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఉంది: ఒకామె మందుల షాపులో కొంటుంది, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని తనంతట తాను నంబర్ ఇస్తుంది. షాపు ఆ రసీదు పంపడానికి ఆ నంబర్ వాడుకోవచ్చు. గమనించండి, ఆమె తనంతట తాను ఇచ్చింది, ఇచ్చింది రసీదు కోసం. ఆఫర్ల మెసేజ్‌లకు కాదు.

హన్మకొండ పిలగాడు:

అక్కా, నువ్వు జెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా చెల్లె ఇట్లనే లైన్ల నిలవడి నంబర్ జెప్పింది. ఇంటికొచ్చినంక రాత్రి ఎవడో వాట్సాప్‌ల "హాయ్, ఇందాక షాపుల జూసిన" అని పెట్టిండు. బ్లాక్ జేస్తే ఇంకో నంబర్ నుంచి పెట్టిండు. అది భయపడి వారం దాక ఒక్కతే బయటికి పోలె. వాడు షాపుల పనిజేసేటోడో, లైన్ల ఎనుకకు నిలవడ్డోడో మాకు ఇప్పటికీ తెల్వది. పాయింట్లు, డిస్కౌంట్లు అనేటోళ్లు గిది గూడ సోచాయించాలె. మొగోళ్లం మనకు చిన్న ముచ్చటే అనిపిస్తది, ఆడపిల్లలకు అట్ల గాదు.

నెలసరుకులు (మల్కాజిగిరి):

తమ్ముడూ, మీ చెల్లెలి సంగతి చదివి మనసు కలుక్కుమంది. నేను ఈ చర్చ మొదలుపెట్టిందే ఆ ముందున్న అమ్మాయిని చూసి.

తెనాలి తమ్ముడు అడిగినదానికి జవాబు. యూపీఐ ఐడీలో నంబర్ వద్దనుకుంటే వేరే ఐడీ పెట్టుకోవచ్చు, ఆ అవకాశం యాప్‌లలో ఉంది. నోట్లు ఇచ్చి కొనుక్కోవచ్చు. పైగా నేను ఎన్ని రూపాయలు కట్టానో బ్యాంకుకు తెలుస్తుంది కానీ ఏం కొన్నానో తెలియదు. షాపువాళ్ల దగ్గర నా నంబర్, నా సరుకుల జాబితా పక్కపక్కనే ఉంటాయి. ఇంట్లో పసిబిడ్డ ఉందా, షుగర్ పేషెంట్ ఉన్నారా, ఏ నెలలో డబ్బుకు ఇబ్బంది పడి సరుకులు తగ్గించాం, అన్నీ ఆ జాబితాలో కనపడతాయి. శానిటరీ ప్యాడ్లు కొన్న రోజు కూడా కనపడుతుంది. మా ఆయనకు కూడా చెప్పని లెక్క అది. అలాంటిది ముక్కూమొహం తెలియని కంపెనీకి ఎందుకివ్వాలి?

బిల్లింగ్ కౌంటర్:

నేను విజయవాడలో ఒక స్టోర్‌లో బిల్లింగ్ చేస్తాను. పేరు అడగకండి.

అమ్మా, నంబర్ అడిగేది మా సరదాకి కాదు. స్క్రీన్ మీద మొదట వచ్చేదే నంబర్ గడి. అది నింపితేగానీ కొన్ని చోట్ల స్కానింగ్ మొదలవదు. మా దగ్గర వదిలేసే బటన్ ఉంది కానీ, నంబర్ లేని బిల్లులు ఎవరి కౌంటర్‌లో ఎక్కువయ్యాయో సాయంత్రం ఇన్‌చార్జి చూస్తారు. ఎక్కువైతే అందరి ముందూ మాట పడాలి. అందుకే కస్టమర్ చెప్పనంటే కొందరు అన్నీ తొమ్మిదులు కొడతారు, కొందరు సొంత నంబరే కొట్టుకుంటారు. అలా దొరికిపోతే పాయింట్లు కాజేశాడని ఇంకో నింద.

పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటాం. నంబర్ చెప్పనని కొందరు మమ్మల్ని తిడతారు, అడగలేదని పైవాళ్లు తిడతారు. మీకు కోపం వస్తే దయచేసి కౌంటర్ మీద చూపించకండి. మేనేజర్‌ని పిలిపించి ఆయనకు చెప్పండి, కంపెనీ కస్టమర్ కేర్‌కు రాయండి. మేము చెబితే వినరు, కొనేవాళ్లు చెబితే వింటారు.

కిరాణా, ఖమ్మం:

మాది మా నాన్నగారు పెట్టిన కొట్టు. నా ఫోన్‌లో మా వీధి వాళ్ల నంబర్లన్నీ ఉన్నాయి. వాట్సాప్‌లో చీటీ పెడతారు, సరుకులు కట్టి ఇంటికి పంపుతాను. ఖాతా పెట్టినవాళ్లకు నెలాఖరున గుర్తు చేస్తాను. నంబర్ లేకుండా ఈ రోజుల్లో వ్యాపారం నడవదండీ. కాబట్టి నంబర్ తీసుకోవడమే నేరం అన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోలేను.

కాకపోతే ఒక తేడా ఉంది. నా దగ్గరికి కొత్తగా వచ్చిన మనిషి పావుకిలో జీలకర్ర అడిగితే, తూచి ఇచ్చి డబ్బులు తీసుకుంటాను. నంబర్ చెబితేనే ఇస్తానంటే ఆ మనిషి పక్క కొట్టుకు వెళ్లిపోతాడు. పెద్ద స్టోర్‌లో బుట్ట నింపుకుని, పిల్లల్ని చంకనేసుకుని, గంట తిరిగి చివరికి కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషి ఎక్కడికి వెళ్తాడు? వెళ్లలేడని తెలిసే అక్కడ అడుగుతారు. నాకు నచ్చనిది అదీ.

శాన్‌హోసే నుంచి:

ఇక్కడ అమెరికాలోనూ ఇదే గోల. కొన్ని గ్రోసరీ స్టోర్లలో అర మీదే రెండు రేట్లు ఉంటాయి, సభ్యులకు ఒకటి, మిగతావాళ్లకు ఒకటి. సభ్యుల రేటు కావాలంటే నంబర్ ఇవ్వాలి. అయితే ఆ నంబర్‌ను మన ముందున్న మీటల మీద మనమే కొట్టుకుంటాం, అరిచి చెప్పనక్కరలేదు.

క్రెడిట్ కార్డుతో కొనేటప్పుడు, షాపు ఆ కార్డును ఒప్పుకోవాలంటే వ్యక్తిగత వివరాలు ఇవ్వాలని షరతు పెట్టకూడదని కాలిఫోర్నియాలో 1971 నాటి చట్టం ఉంది. కౌంటర్ దగ్గర అడిగే పిన్‌కోడ్ కూడా వ్యక్తిగత వివరమేనని 2011లో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పిన్‌కోడ్‌కే ఇంత పట్టింపు ఉంటే, పది అంకెల నంబర్ గురించి మల్కాజిగిరి ఆవిడ అడుగుతున్నది న్యాయమే.

తెనాలి వాసి:

అందరూ ఒక్కటై ఒకే మాట అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పనివ్వండి. మా ఇంట్లో నెలకు ఆరు వేల సరుకులు. నూటికి రూపాయి లెక్కన పాయింట్లు వస్తే నెలకు 60, ఏడాదికి 720. సంక్రాంతికి అరిసెల బెల్లం, నూనె ఆ పాయింట్లతోనే వస్తాయి. నంబర్ ఇవ్వనన్న వాళ్లకు ఆ 720 లెక్క కాకపోవచ్చు. మా ఇంట్లో అది లెక్కే. రేపు చట్టమంటూ నంబర్ తీసుకోవడమే ఆపేస్తే ముందు పోయేది మాలాంటి వాళ్ల పాయింట్లు.

నెలసరుకులు (మల్కాజిగిరి):

తమ్ముడూ, నీ 720 రూపాయలు పోవాలని నేనెందుకు కోరుకుంటాను? పాయింట్లు కావాలన్నవాళ్ల దగ్గర నంబర్ తీసుకోనీ. "పాయింట్లు కావాలా అమ్మా?" అని అడగనీ. కావాలంటే చెబుతాం, వద్దంటే బిల్లు వేయనీ. ఇప్పుడు అలా అడగడం లేదు. నంబర్ దేనికో చెప్పరు, ఎంతకాలం ఉంచుకుంటారో చెప్పరు, ఎవరికి ఇస్తారో చెప్పరు. నా పోట్లాట దాని మీద. నీకు నచ్చి ఇచ్చుకునే నంబర్ మీద కాదు.

హన్మకొండ పిలగాడు:

ఇప్పటికే ఇచ్చినోళ్లు ఏం జెయ్యాలె? రోజుకు పది మెసేజ్‌లు వస్తున్నయ్.

లా చదువుతున్నా:

మెసేజ్ పంపినవాళ్ల పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది చూడండి. 2025 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన ఏర్పాటు అది. 'పి' ఉంటే ప్రచారం, 'ఎస్' ఉంటే సర్వీస్, 'టి' ఉంటే లావాదేవీ, 'జి' ఉంటే ప్రభుత్వం. 'పి' మెసేజ్‌లు వద్దనుకుంటే 1909 నంబర్‌లో నమోదు చేసుకోవచ్చు, అయినా వస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. షాపు నంబర్ కోసం బిల్లు ఆపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. స్టోర్ పేరు, తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

మీ చెల్లెలికి వచ్చిన మెసేజ్‌ల సంగతి వేరు. అది ప్రచారం కాదు, వేధింపు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టి తెలంగాణ పోలీసుల షీ టీమ్స్‌కు ఇవ్వండి. ఆ వాట్సాప్ మెసేజ్‌లను చెరిపేయకండి.

హన్మకొండ పిలగాడు:

స్క్రీన్‌షాట్లు ఉన్నయ్ అన్నా. రేపు నాయిన, నేను ఇద్దరం పోతం.

తెనాలి వాసి:

ఆ చెల్లెమ్మ సంగతిలో నాకు రెండో మాట లేదు. తప్పకుండా వెళ్లండి. పాయింట్ల విషయంలో మాత్రం నేను చెప్పిందే చెబుతున్నాను, నా నంబర్ నేను ఇస్తూనే ఉంటాను. కానీ పైకి చదవడం ఆపాలి. శాన్‌హోసే ఆయన చెప్పినట్టు మన చేత్తో మనం కొట్టుకునే ఏర్పాటు ఇక్కడ కుదరదా? బిల్లింగ్ కౌంటర్ గారూ, మీకు తెలిసుంటుంది.

బిల్లింగ్ కౌంటర్:

కుదురుతుందండీ. కార్డు గీకే మిషన్ మీద మీటలు ఎలాగూ ఉన్నాయి, పిన్ కొట్టించేది వాటి మీదే. నంబర్ కూడా అక్కడే కొట్టించుకునేలా సాఫ్ట్‌వేర్ మార్చాలి, అది పైవాళ్ల చేతిలో పని. అప్పటిదాకా నా కౌంటర్‌లో నేను చేస్తున్నది ఒకటుంది. ఆడవాళ్లు వస్తే చిన్న కాగితం, పెన్ను ఇస్తున్నాను. పాయింట్లు కావాలంటే రాసి ఇస్తారు, కొట్టగానే కాగితం వాళ్లకే తిరిగి ఇచ్చేస్తాను. వద్దంటే వదిలేసే బటన్ నొక్కుతున్నాను. మా ఇన్‌చార్జి ఇంకా ఏమీ అనలేదు.