ప్రపోర్షనాలిటీకి తెలుగులో ఏం పెట్టాలి? దామాషా అంటే బాలేదు

యుద్ధ చట్టాల మీద ఒక వ్యాసం తెలుగులోకి చేస్తున్నానండి, ఎక్కడ బాంబు వెయ్యచ్చో వెయ్యకూడదో సైన్యంలో లీగల్ అడ్వైజర్ చూసి చెప్తాడు కదా, అక్కడొచ్చే ప్రపోర్షనాలిటీ దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయా. దామాషా అని పెడితే మా ఆవిడ చదివి ఎలక్షన్ల గురించా అంది. అనుపాతం అంటే హైస్కూల్ లెక్కలే గుర్తొస్తున్నాయి.

— దామాషా వద్దు బాబూ. అది వాటాలేసి పంచే మాట, ఇంతమంది సైనికులకి ఇంతమంది జనం చొప్పున చంపొచ్చన్నట్టు ఉంటుంది.

— అసలు పాఠం చూశారా? జెనీవా యుద్ధ ఒప్పందాలకి 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్, 51వ అధికరణం. ఆ వాక్యంలో ప్రపోర్షన్ అన్న మాటే లేదు. దాడితో నేరుగా వస్తుందని ఆశించే సైనిక ప్రయోజనం ముందు పౌరులకి జరుగుతుందనుకునే నష్టం మితిమీరకూడదు, అంతే. మితి అంటే కొలత, మీరడమంటే దాటడం. ఇంకేం కావాలి?

— మాస్టారు చెప్పింది కరెక్ట్, కానీ ఆ "జరుగుతుందనుకునే" మాత్రం వదిలెయ్యకండి, సగం చట్టం అందులోనే ఉంది. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లో అమీరియా షెల్టర్ మీద అమెరికా బాంబులేస్తే 400 మందికి పైగా జనం పోయారు, వాళ్ళేమో అది కమాండ్ సెంటర్ అనుకున్నాం, లోపల జనం ఉన్నట్టు తెలీదు అన్నారు. లాయర్ ముందుకొచ్చిన ఫైల్లో జనమే లేకపోతే ఇంక మితి దేనికి చూస్తాడు?

— థాంక్సండీ. ఇంకోటి, "న్యాయ సలహాదారు దాడికి అనుమతి ఇచ్చాడు" అని రాశా, పర్లేదా?

— అయ్యో, మార్చండి. అదే ప్రోటోకాల్ 82వ అధికరణంలో ఉన్నది కమాండర్‌కి సలహా ఇవ్వడమే. నిర్ణయం కమాండర్‌ది, తర్వాత జవాబు చెప్పుకోవాల్సిందీ ముందు ఆయనే. "అభ్యంతరం లేదన్నాడు" అనండి. మన ఆర్మీలోనూ జాగ్ (జడ్జ్ అడ్వొకేట్ జనరల్) శాఖ అని లా ఆఫీసర్లుంటారు, ఇండియా ఆ ప్రోటోకాల్‌లో చేరకపోయినా.

— సరే, కానీ "నష్టం మితిమీరకూడదన్న నియమం" అంటే హెడ్డింగ్‌లో పట్టట్లేదు.

— "మితి నియమం" అని పెట్టి కింద ఒక్కసారి వివరం రాసెయ్యండి.

— డైట్ ప్లాన్‌లా లేదూ 😀

— ఉంటే ఉండనీ అక్కా, దామాషా కన్నా నయమే.