బ్యూప్రెనార్ఫిన్ వాడుతున్న రోగికి టిబియా నెయిలింగ్ (విరిగిన ముంగాలి ఎముకలో రాడ్ వేసే ఆపరేషన్): మందు ఆపాలా?

అనస్థీషియా పీజీ: రోగికి 34 ఏళ్లు, 60 కిలోలు. ఓఎస్‌టీ సెంటర్‌లో (ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ జాతి మత్తుమందుల వ్యసనానికి బదులు మందు ఇచ్చే చోట) రోజూ 8 మి.గ్రా. బ్యూప్రెనార్ఫిన్ తీసుకుంటున్నాడు. మూడు రోజుల ముందే ఆపమని ఆర్థో వాళ్లు రాశారు, లేకపోతే మార్ఫిన్ పనిచేయదట. ఆపాలా సార్? ఆపరేషన్ రోజు మాత్ర ఇస్తే ఎన్‌పీఓ (ఆపరేషన్ ముందు ఏమీ తినకుండా, తాగకుండా ఉండటం) చెడుతుందా?

సీనియర్ అనస్థటిస్ట్: ఆపొద్దు. 72 గంటల ముందు ఆపడం పాత పద్ధతి. ఆ మందు రిసెప్టర్‌ను (మార్ఫిన్ లాంటి మందులు అతుక్కుని పనిచేసే చోటును) గట్టిగా పట్టుకునే మాట నిజమే. కానీ 8 మి.గ్రా. దగ్గర ఫెంటనిల్, మార్ఫిన్‌లకి ఇంకా చోటుంటుంది, మామూలు కంటే ఎక్కువ డోసు పడుతుందంతే. ఎక్కువ ఇస్తే మానిటర్ తప్పనిసరి. ఆపితే మాత్రం విత్‌డ్రాయల్‌తో (మందు ఆగినందుకు వచ్చే బాధలతో) టేబుల్ మీదకొస్తాడు, పైగా మళ్లీ పాత అలవాటులో పడే ప్రమాదం.

ఉదయం డోసు ఇచ్చేయండి. నాలుక కింద కరిగేది కాబట్టి ఎన్‌పీఓకి అడ్డం కాదు. 5–10 నిమిషాలు కరగనివ్వాలి, మింగేస్తే చాలా భాగం లివర్‌లోనే పోతుంది. క్రేవింగ్‌కి (మత్తు కావాలనే కోరికకు) రోజుకొక డోసు సరిపోతుంది, నొప్పికి మాత్రం 6–8 గంటలే పనిచేస్తుంది. అదే 8 మి.గ్రా.ను 2 మి.గ్రా. చొప్పున 6 గంటలకోసారి విడగొట్టండి.

రీజినల్ బ్లాకులు చేసే డాక్టర్: స్పైనల్ (వెన్నులో మత్తు ఇంజక్షన్) ఇవ్వండి. తర్వాత పారాసిటమాల్ 1 గ్రా. 6 గంటలకోసారి, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) బాగుంటే కెటోరొలాక్ అనే నొప్పి మందు. సూదులతో మందు తీసుకున్నవాళ్లలో హెపటైటిస్ సి తరచూ ఉంటుంది, సిర్రోసిస్ అయితే పారాసిటమాల్ రోజుకు 2 గ్రా. దాటొద్దు. కెటమిన్ 18 మి.గ్రా., ఆపై గంటకు 6 మి.గ్రా. చాలు. టిబియా కాబట్టి గాఢమైన బ్లాకు (నరాన్ని మొద్దుబార్చే ఇంజక్షన్) వేయొద్దు, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కాలి కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం) కనపడకుండా పోతుంది. రాత్రి నొప్పి అని అరిస్తే “మందు కోసమే” అని నర్సులు వదిలేయడమే అసలు ప్రమాదం: ముందు కాలి వేళ్లు సాగదీసి, నొప్పి బాగా పెరుగుతుందేమో చూడాలి.

అనస్థీషియా పీజీ: వార్డులో ట్రమడాల్, ఫోర్ట్‌విన్ రాస్తారు కదా?

సీనియర్ అనస్థటిస్ట్: రెండూ కొట్టేయండి. బ్యూప్రెనార్ఫిన్ ఉండగా ట్రమడాల్‌తో లాభం తక్కువ, ఫిట్స్ భయం ఎక్కువ. ఫోర్ట్‌విన్ అంటే పెంటజోసిన్, మెథడోన్ (ఓఎస్‌టీలో వాడే మరో మందు) మీద ఉన్నవాళ్లకైతే అది నేరుగా విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది.

సైకియాట్రిస్ట్: నాల్ట్రెక్సోన్ (ఓపియాయిడ్లు పనిచేయకుండా అడ్డుకునే మందు) వాడేవారికి ఇవేవీ వర్తించవు. 50 మి.గ్రా. మాత్ర 72 గంటల ముందే ఆపాలి, నెలకొక ఇంజక్షన్ అయితే చివరి డోసు తర్వాత 4 వారాలు ఆగాలి. ఆపాక చిన్న డోసు ఓపియాయిడ్‌కే ఊపిరి మందగించొచ్చు, జాగ్రత్త. మీ రోగికైతే డిశ్చార్జ్ రోజు చివరి డోసు ఎంత, ఎన్నింటికి ఇచ్చారో చీటీ రాసి సెంటర్‌కి పంపండి.